బూత్ తప్పించుకొనెనా?

1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టన్ నగరమందలి ఫోర్డ్ నాటకశాలలో జాన్ విల్క్స్ బూత్ అను నటుడు అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను వెనుకనుండి పిస్తోలుతో కాల్చెను. మరునాటి ఉదయమున లింకన్ అసువులు బాసెను. ఏప్రిల్ 26 వేకువను, వర్జీనియాలో పోర్టు రాయల్ చెంత గారెట్ అను రైతు పొగాకు కొట్టములో హంతకుడు చిక్కి, బోస్టన్ కార్బెట్ అను సార్జంటు కాల్చిన గుండు మెడకు తగిలి, కొన్ని గంటలకు మరణించెనని ప్రభుత్వము ప్రకటించెను. చచ్చినవాడు బూత్ కాడనియు, బూత్ మారుపేరుతో 1903 వరకు జీవించెననియు ఒక వాదము పిమ్మట బయలుదేరి, 1995లో న్యాయస్థానమునకు సైతము ఎక్కెను. రాజ్యము చెప్పినదెల్ల వేదమనుట బానిసబుద్ధి; రాజ్యము చెప్పినదెల్ల కల్ల యనుట పామరబుద్ధి. ఈ రెంటికిని లోబడక సాక్ష్యమును తూచుట యెట్లో ఈ వివాదము మనకు నేర్పగలదు.

సందేహమునకు బీజము నాటినది ప్రభుత్వమే. యుద్ధమంత్రి స్టాంటన్ శవమును మాంటాక్ అను యుద్ధనౌక మీదికి చేర్పించి, కొద్దిమందికి మాత్రము చూపి, ఆయుధాగారమందలి పాత కారాగారములో రహస్యముగ పూడ్పించెను. పరాజితులైన దాక్షిణాత్యులు ఆ సమాధిని తీర్థముగ చేసికొందురను భయము అతనికి కలదు. శవపరీక్ష వేళ తీసిరనబడు ఛాయాపటము లోకమునకు కానరాలేదు. శవముపై దొరకిన దినచర్య పుస్తకము 1865లో కుట్రదారులను విచారించిన సైనిక న్యాయపీఠము ముందునకు రాలేదు. 1867లో వెలికి వచ్చునప్పటికి అందు కొన్ని పుటలు లేవు. ఇంత దాచినవారు ఇంకేమి దాచిరో యని జనులు శంకించినచో తప్పు జనులది కాదు.

అయితే శంక వేరు, ప్రమాణము వేరు. యథార్థమును ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పువాడే ఆప్తుడనియు, అట్టివాని వాక్యమే శబ్దప్రమాణమనియు మన నైయాయికులు నిర్ణయించిరి. కావున ప్రతి సాక్షిని రెండు ప్రశ్నలడుగవలయును: నీవు కన్నులార చూచితివా? అబద్ధమాడుటచే నీకు లాభము కలదా?

మొదట ప్రభుత్వపక్షము. బూత్ తలకు 50,000 డాలర్లు, అతని అనుచరుడు హెరోల్డ్ తలకు 25,000 డాలర్లు వెలకట్టబడియుండెను. ఈ ధనమును పట్టుకొన్నవారికి పంచిపెట్టిరి; కాంగర్ అను అధికారికి 15,000 డాలర్లు ముట్టెను. చచ్చినవాడు బూత్ కానిచో వీరికి కాసు రాదు. కనుక వీరి మాటను ప్రక్కన నుంచుదము. మిగిలిన సాక్ష్యము నిలుచునా చూతము.

గారెట్ కుటుంబమువారు దాక్షిణాత్యులు. సైనికులు నిప్పంటించుటచే తమ కొట్టము పోగొట్టుకొన్నవారు. ప్రభుత్వమునకు మేలు చేయవలసిన పని వారికి లేదు. బాయిడ్ అను పేరుతో రెండు దినములు తమ ఇంట బసచేసిన కుంటివాడే కొట్టమునుండి ఈడ్వబడి తమ వసారాలో ప్రాణములు విడిచెనని వారు చెప్పిరి. కొట్టములో మనిషి మారెనను కల్పన ఇచ్చటనే తెగిపోవుచున్నది. ఆ బాయిడ్ ఎవడు? రాపహానాక్ నది రేవున తాము అధ్యక్షుని చంపినవారమని హెరోల్డ్ తమతో చెప్పెనని జెట్ అను దక్షిణసైనికుడు న్యాయపీఠము ముందు పలికెను. ఆ హెరోల్డ్ అదే కొట్టములో లొంగిపోయి 1865 జులై 7న ఉరికంబమెక్కెను. శవముపై దొరకిన దినచర్య బూత్ చేవ్రాత. చేతిమీది పచ్చబొట్టు అక్షరములను అతడు దిగుచుండిన హోటలు గుమాస్తా ఆనవాలు పట్టెను.

డాక్టరు మే సాక్ష్యము ప్రత్యేకముగ విమర్శింపదగినది. ఆయన పూర్వము బూత్ మెడపై లేచిన కణితిని కోసి తీసిన వైద్యుడు. శవమును చూడగనే పోలిక లేదనెను. పిమ్మట మచ్చను చూచి బూత్ అనెను. 1887 నాటి వ్రాతలో విరిగిన కాలు కుడిదనెను. నిజమునకు అది ఎడమది. తప్పించుకొనెనను వాదులు ఈ రెండు తడబాటులను గట్టిగ పట్టుకొందురు. కాని అజ్ఞాతవాసముచే కృశించి, మీసము తీసివేసికొనిన ముఖము మారకుండునా? ఇరువదిరెండేండ్ల కాలములో జ్ఞాపకము కుడిని ఎడమను తారుమారు చేయదా? మానకముందే గాయము తిరిగి చిట్లుటచే మచ్చ వెడల్పై కాలిన మచ్చవలె నుండునని ఆయన చూడకమునుపే వర్ణించెను; అది అట్లే యుండెను. నేర్పబడిన సాక్షి తడబడడు. తడబడియు సత్యముచే కట్టుబడినవాడు ఎక్కువ నమ్మదగినవాడు.

ఇక రెండవపక్షము. టెక్సాసులో 1870 ప్రాంతములందు సెయింట్ హెలెన్ అను ఒకడు తానే బూత్ నని తనతో చెప్పెననియు, 1903 జనవరిలో ఒక్లహోమాలోని ఈనిడ్ పట్టణమున విషము త్రాగి చచ్చిన డేవిడ్ జార్జి ఆతడేయనియు ఫినిస్ బేట్సు అను న్యాయవాది 1907లో గ్రంథము ప్రకటించెను. ఆ మాటను నిలువబెట్టువాడు ముఖ్యముగ బేట్సు ఒక్కడే; చెప్పినది ముప్పదేండ్ల పిమ్మట. ఎండబెట్టిన ఆ శవమును సంతలలో రుసుము పుచ్చుకొని చూపిరి. 1931లో చికాగో వైద్యులు కొందరు దానిని పరీక్షించి కాలివిరుపు మున్నగు గుర్తులు కలవనిరి. కాలు విరిగినవారు లోకమున ఒక్కరా? లాభము ప్రభుత్వ సాక్షులకు దోషమైనచో వీరికి మాత్రము కాదా?

1869లో ప్రభుత్వము శవమును బంధువులకు అప్పగించెను; వారు తమవాడేయని గుర్తించి బాల్టిమోరులోని గ్రీన్ మౌంట్ శ్మశానమున పూడ్చిరి. దానిని త్రవ్వి తీయ ననుమతి కోరగా 1995లో అచ్చటి న్యాయస్థానము నిరాకరించెను. పై న్యాయస్థానము 1996లో ఆ తీర్పును ఖాయపరచెను. గోరీ చోటు నిశ్చయముగ తెలియదు. ఇతరుల అస్థికలు కదలిపోవును. వాదము విశ్వసనీయము కాదు అని కారణములు చూపిరి.

ఒకరితో ఒకరికి పొత్తులేని రైతు, శత్రుసైనికుడు, గుమాస్తా, వైద్యుడు, బంధువులు ఒకే మాట చెప్పిరి. ఎదుట నిలిచినది ఒక న్యాయవాది జ్ఞాపకము, ఒక సంతశవము. త్రాసు ఎటు మొగ్గునో పాఠకులే చూడగలరు. బూత్ తప్పించుకొనలేదు.

అయినను ప్రభుత్వమునకు ఇందు నిర్దోషిత్వము లభింపదు. శవమును బహిరంగముగ చూపి, దినచర్యను సకాలమున ప్రకటించి, సాక్షులను ప్రజల ఎదుట నిలిపియున్నచో బేట్సు గ్రంథమునకు చదువరులు దొరకకపోయెదరు. దాచుటచే రాజ్యము తన సత్యమునే అబద్ధమువలె కనబరచెను. ప్రజలు మాత్రము దాచినదానిని అడుగు హక్కును విడువక, దాపరికమునే ఋజువుగ గ్రహింపక, ఇరుపక్షములను ఒకే త్రాసున తూచవలయును. ఆ త్రాసు చేతలేని జాతిని రాజ్యమైనను వంచింపగలదు, సంతలో శవమును చూపువాడైనను వంచింపగలడు.