ముహూర్తానికి పళ్ళు కదలవు

మొన్న ద్రాక్షారామం నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చారు. ‘‘శ్రావణంలో పెళ్ళండి. ఈలోగా ఎత్తుపళ్ళు లోపలికెళ్ళిపోవాలండి’’ అన్నారు. ఉన్నది నాలుగు నెలలు. పళ్ళు అరగదీసి క్యాపులు వేస్తే వారంలో పనైపోతుందని ఎవరో చెప్పారట. ఒక్క పుచ్చు కూడా లేని పళ్ళవి! అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. వద్దని గట్టిగానే చెప్పాను.

క్లిప్పులైతే సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. పన్నుని తీగతో సన్నగా, ఆగకుండా నెడితే ముందువైపు ఎముక కరుగుతుంది, వెనక కొత్త ఎముక పుడుతుంది. పన్ను కదిలేది అలాగే. తొందరపడి గట్టిగా లాగితే వేరు అరిగి పొట్టిదైపోయే ప్రమాదం ఉంది. చోటు చాలకపోతే కొన్ని పళ్ళు తీయాల్సి రావచ్చు. ముందుపళ్ళు వెనక్కి వెళ్తే పెదవులు హాయిగా కలుస్తాయి, ముఖం తీరే మారుతుంది. దవడ ఎముకే ముందుకొచ్చి ఉంటే మాత్రం పెద్దవాళ్ళకి సర్జరీ కూడా కావాలి.

కనిపించని అలైనర్లు మంచివే. కానీ రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. టిఫిన్ తినేటప్పుడు తీసి బల్లమీద మర్చిపోయేవాళ్ళకి డబ్బు దండగ! ఏ పద్ధతైనా, అయ్యాక రిటైనర్ పెట్టుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత చోటికి బయల్దేరతాయి.

‘‘అబ్బాయివాళ్ళేమైనా అన్నారా అమ్మా?’’ అనడిగాను. ‘‘అబ్బే, లేదండి. మాకేనండి’’ అన్నారావిడ. పక్కనే పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తెల్ల సెరామిక్ క్లిప్పులు పెళ్ళి ఫొటోల్లో అంతగా కనబడవని చెప్పి, ముందు ఎక్స్‌రేలు రాసిచ్చాను.