తప్పు అచ్చుకు వెల ఎక్కడ పుడుతుంది?

బొమ్మ పక్కకు జరిగిన పది రూపాయల బిళ్ల ఉంటే లక్షలు ఇస్తామని చెప్పే వీడియోలు ఊరూరా ఫోన్లలో తిరుగుతున్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో డబ్బాల్లోని చిల్లర బోర్లించి వెతికేవారిని తప్పుపట్టలేం. తప్పు అచ్చు నాణేలకు గిరాకీ ఉన్న మాట నిజమే. అయితే ఆ వెల లోపాన్ని చూసి రాదు, ఆ లోపం టంకశాలలోనే జరిగిందని తేలితేనే వస్తుంది. యంత్రం బిళ్లను రెండు అచ్చుల మధ్య ఒత్తేటప్పుడు బిళ్ల పక్కకు జరిగితే బొమ్మ సగమే పడి, మిగతా చోటు నున్నగా ఉండిపోతుంది. ముందు ఒత్తిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ల మీద అదే బొమ్మ తిరగబడి గుంటగా దిగుతుంది. ఇలాంటివి బయట చేయడం కష్టం. సుత్తి దెబ్బ తిన్న నాణెంలో అక్షరాలు నలిగి ఉంటాయి, యాసిడ్‌లో వేసినది తూకం తగ్గుతుంది. 2011 నమూనా పది రూపాయల నాణెం 7.71 గ్రాములుండాలి. బంగారు దుకాణంలోని కాటా మీద పెడితే సగం అనుమానం అక్కడే తీరుతుంది.

ఈ తేడా మన ప్రాంతానికి మరీ ముఖ్యం. నిజాం ఏలుబడిలో గద్వాల, వనపర్తి సంస్థానాలు సొంతంగా నాణేలు వేయించుకున్నాయి. అవి చేత్తో, సుత్తితో కొట్టినవి. అచ్చు పెద్దది, లోహపు ముక్క చిన్నది కావడంతో అక్షరాల్లో కొన్నే పడేవి. ఏ రెండు నాణేలూ ఒకేలా ఉండవు. అందులో సగం రాత లేకపోవడం లోపం కాదు, ఆనాటి పనితీరు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో హైదరాబాద్‌లో యంత్రంతో వేసిన చార్మినార్ రూపాయిలో అదే వంకర కనిపిస్తే మాత్రం అది నిజమైన తప్పు అచ్చే. ఈ సంగతి తెలియనివాడు సంస్థానపు నాణేన్ని చెడిపోయిందనుకుని వెండి ధరకు కరిగించేస్తాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఆ లోహంతో పాటు మన చరిత్రలో ఒక ఆధారం కరిగిపోతుంది.

ఆ వీడియోలను నమ్మి అమ్మడానికి ప్రయత్నిస్తే పోయేదేముంది అని కొందరు అడుగుతారు. పోతుంది. తమ పేరు వాడుకుని పాత నాణేల కొనుగోలుకు రుసుము, కమీషన్, పన్ను అంటూ డబ్బు గుంజుతున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మనకు డబ్బిస్తాడు, మన దగ్గర ముందుగా అడగడు. తెలియనివాళ్లను వ్యాపారులు తక్కువకు ముంచరా అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. ముంచుతారు. అందుకే అడుగుతున్న ధరలను పట్టించుకోకుండా, వేలాల్లో అలాంటి నాణెం నిజంగా ఎంతకు పోయిందో చూడాలి, ఇద్దరు ముగ్గురికి చూపించాలి, మెరిపించాలని తోమకూడదు. పొలం దున్నుతుంటే దొరికిన పాత నాణేల దారి వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైతే కలెక్టరుకు చెప్పాల్సిందే.

ఈ తెలివిడి జనానికి చేరాలంటే హెచ్చరికలు చాలవు, నమ్మకంగా చూపించుకునే చోటు కావాలి. రాష్ట్ర వారసత్వ శాఖలోని నాణేల నిపుణులను ఏడాదికొకసారైనా ఈ మూడు జిల్లాల డిగ్రీ కళాశాలలకు రప్పించి, ప్రజలు తెచ్చిన నాణేలను ఉచితంగా పరీక్షించే ఏర్పాటు కలెక్టర్లు చేయాలి. అంతవరకు, మీ చేతికి వచ్చిన నాణేన్ని కరిగించకండి, దాని కోసం ఎవరికీ ఒక్క రూపాయి ముందుగా కట్టకండి.