పెరటి సేద్యము: వరిగడ్డియు వానపాములును

సార్వా పంట యింటికి వచ్చిన వెంటనే దాళ్వాకు దమ్ము చేయవలెనను తొందరలో మా గోదావరి ప్రాంతమున మడులలోని గడ్డికి నిప్పు పెట్టుట యిప్పుడు సామాన్యమైపోయినది. వెనుకటి దినములలో గడ్డి యనిన పశువులకు ప్రాణము. వాములు వేసి, వాన చినుకు దిగకుండ కాపాడుకొనెడివారము. కోతయంత్రములు వచ్చిన పిదప గడ్డి తునుకలై చేనంతట చెదరిపోవుచున్నది. పశువులా, తగ్గిపోయినవి. ఏరి తెచ్చుటకు కూలి గిట్టదు. కావున అగ్గిపుల్లయే చౌక యని రైతులకు తోచుచున్నది. కాని టన్ను వరిగడ్డిలో 5 మొదలు 8 కిలోల వఱకు నత్రజని యుండును. కాల్చినచో అది యించుమించు అంతయు పొగతో పోవును. ఆ పోయినదానినే మరల యూరియా బస్తాలుగా కొని తెచ్చుకొనుచున్నాము. ఇది యెటువంటి పొదుపో యింటి జమాఖర్చు వ్రాసికొను సోదరీమణులే చెప్పవలెను.

"ఆ గడ్డిని వానపాములకు వేసి యెరువు చేసికొనరాదా?" యని పలువురు సోదరీమణులు మమ్ము అడుగుచున్నారు. నిస్సంశయముగా చేసికొనవచ్చును. అయితే ఆ ప్రాణి స్వభావమును ముందుగా తెలిసికొనినగాని పని సాగదు.

అమరకోశమున వానపామునకు మహీలత, గండూపదము, కించులకము అని పేళ్లు కలవు. అమరసింహుడు దీనిని వారివర్గమున, మొసలి పేళ్లు చెప్పిన వెంటనే చెప్పినాడు. బాల్యమున వల్లె వేయునపుడు, మంటిలో నుండు పురుగునకు నీటిజంతువులలో చోటేల యని మాకు వింతగా నుండెడిది. ఇప్పుడు ఆలోచించిన సబబే యనిపించుచున్నది. వానపామునకు ఊపిరితిత్తులు లేవు. అది తడిచర్మముతోనే గాలి పీల్చుకొనును. చర్మమారిన ఊపిరి ఆగినట్లే. ఇక నేలతీగె యను నర్థమిచ్చు మహీలతానామ మెంత చక్కనిదో చూడుడు!

పాశ్చాత్యులలో చార్లెస్ డార్విను 1837లో వానపాములను గూర్చి యొక వ్యాసము చదివి, వానిని పరిశీలించుట మానక, 1881లో, అనగా తాను కన్నుమూయుటకు ముందటి యేట, వానిపై ఒక గ్రంథమునే ప్రకటించెను. ఇంగ్లండులో పలుచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు పైగా మన్ను వాని కడుపులగుండ నడచి పైకి వచ్చునని ఆయన లెక్క కట్టెను.

వానపామునకు దంతములు లేవు. ఇసుకరేణువులను మ్రింగి, కండర మయమైన లోపలి తిత్తిలో ఆహారమును నూఱుకొనును. ఎండుగడ్డిని కొఱికి తినుట దానివలన కాదు. కుళ్లుచున్న గడ్డిని, దానిపై పెరుగు సూక్ష్మజీవులను, బూజును మాత్రమే తినును. మఱియు వరిగడ్డిలో నత్రజని యొక పాలుండగా కర్బనము ఎనుబది పాళ్ల వఱకు ఉండును. ఇది ఇరువదియైదు, ముప్పది పాళ్లకు దిగినగాని చక్కగా చివుకదు. పేడ కలుపుట యిందులకే. తూకమున గడ్డియెంతయో పేడయంత కలిపి, తడిపి, పదునైదిరువది దినములు కుప్పగా మురుగబెట్టవలెను. వారమున కొకతూరి తిరుగవేయవలెను. ఈ దినములలో కుప్ప లోపల చేయి పెట్టరానంత వేడి పుట్టును. ఆ వేడి చల్లారువఱకు పురుగును దగ్గఱకు రానీయరాదు.

మా యెఱుకలో నొక యిల్లాలు కిలో వానపాములను కొని తెచ్చి, ఆనాటి పచ్చిపేడలోనే వదలెను. మఱునాటి కవి యన్నియు ఉడికి చచ్చి యుండెను. అమ్మినవాడు పురుగులు మంచివే యిచ్చెను. వాడవలసిన విధమును మాత్రము చెప్పలేదు. ఆ తల్లి మరల తొట్టి జోలికి పోలేదు. ఇట్లు ఎన్ని తొట్లు పెరళ్లలో చెత్తకుండీలైనవో!

తొలకరిలో మన వాకిళ్లలో ప్రాకు వానపాములను ఏరి తొట్టిలో వేయుదమా యని కొందఱి ప్రశ్న. అవి చాలవఱకు నేలలోతున బొరియలు చేసికొని మన్ను తినునవి. ఎరువునకు పైపొరలలో చెత్త తిను జాతులు కావలెను. ఐసీనియా ఫెటిడా యనునదియు, పశ్చిమాఫ్రికానుండి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే యనునదియు విరివిగ దొరకును. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ యనునది మన దేశపుదే. దొరికినచో మేము దానినే కోరుదుము. పరదేశపు పురుగు తొట్టి దాటి పోకుండ చూచుకొనుట మంచిది.

తొట్టి పది యడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు చాలును. పైన తాటాకుల పందిరి, అడుగున కొబ్బరిపీచు, దానిపై చల్లారిన ఎరువు, ఆపై తడిపిన గోనెపట్ట. పిడికెడు తీసి పిండిన ఒకటి రెండు చుక్కలు రాలునంత తడి యుండవలెను. ధారకట్టినచో పురుగు ఊపిరాడక చచ్చును. వంటింటి కూరతొక్కులు వేయవచ్చును గాని ఉప్పు, నూనె, మిరపతొడిమలు, నిమ్మడిప్పలు వలదు. పురుగుమందు క్రొత్తగా కొట్టిన చేని గడ్డి అసలే వలదు. కోళ్లు, ఎలుకలు, చీమలు వీనికి శత్రువులు. రోహిణికార్తె యెండలలో పూటపూటకు గోనె తడుపకున్న నిలువవు.

ఇట్లు చేసిన నలుబదియైదు మొదలు అఱువది దినములకు పైభాగము టీపొడివలె నల్లగా, రవ్వరవ్వగా మాఱును. దుర్వాసన యుండదు, తొలివాన పడిన నేల వాసన వచ్చును.

ఇందు చెప్పక తప్పని సంగతి యొకటి కలదు. ఇటువంటి తొట్టి యొకమాఱునకు రెండు మూడు క్వింటాళ్ల గడ్డికి మించి పట్టదు. ఎకరము వరిచేనిలో గడ్డి రెండు టన్నులకు తక్కువ యుండదు. కావున పెరటి తొట్టి చేనిమంటను ఆర్పునని మేము చెప్పము. మిగిలిన గడ్డిని దమ్ములోనే కలియదున్నుట, పశువులున్నవారికి ఇచ్చుట వంటివి మగవారు పూనుకొనవలసిన పనులు. తొట్టి యెరువు కూరపాదులకు, పూలమొక్కలకు, నారుమడికి వచ్చును.

మఱియొకటి. పేడ ఎత్తునది, నీరు మోయునది, గోనె తడుపునది స్త్రీయే. ఎరువు సంచులకెక్కి అమ్ముడుపోవు వేళకు సొమ్ము లెక్క వేఱొకరి చేతికి పోవుట కొన్ని యిండ్లలో చూచుచున్నాము. మా వారు బడి వదలి వచ్చి రెండు బిందెల నీరు పోసి, "మన యెరువు" అందురు. అనవచ్చును, రెండు బిందెలకు. పాదు చేసిన చేతికి కాయపై హక్కు లేదా? తొట్టి కట్టునాడే ఆ సొమ్ము ఎవరి పేర జమయగునో మాటాడుకొనుడు.

ఎరువు తీయుటకు నాలుగైదు దినముల ముందు నీరు మానవలెను. తడిని వెదకుచు పురుగులు అడుగునకు దిగును. పైయెరువు నెత్తి, పట్టాపై చిన్న కుప్పలుగా పోసి, వెలుతురున రెండు గంటలుంచిన మిగిలినవియు కుప్ప క్రిందికి చేరును. పైది జల్లించి నీడన దాచుడు, పూర్తిగ ఎండనీయకుడు. జల్లెడలో నువ్వుగింజకంటె కొంచెము పెద్దవి, నిమ్మపండు చాయవి కనబడినచో పాఱవేయకుడు. అవి గ్రుడ్లతిత్తులు, క్రొత్త తొట్టిలో పురుగులతోపాటు వేయుడు.