గట్టు మీది గడియారము

శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాట్ సరస్సు. ఆ సరస్సు ఒడ్డున జాలరి పల్లెల పిల్లలకు ఈత ఆటలలో ఆటగా అబ్బును. సరస్సు అంత లోతైనది కాదు. సముద్రమన్ననో, పెద్దలకును భయమే. అచట గడియారము పట్టుకొని గట్టున నిలుచువారుండరు.

పందెపు ఈతకు వచ్చిన బిడ్డకు మాత్రము ఆ గడియారము మొదటినుండియు ఎదుటనే యుండును. పతకము రాని యేడు తల్లిదండ్రుల మొగములు చిన్నబోవును. ఆట పోయి పరీక్ష మిగులును. పదునాలుగవ యేటికి ఆ బిడ్డ ఈతకొలను వంక చూడడు. ఇందు తప్పు బిడ్డది కాదు.

ఒకే వయసు పిల్లలలో కొందఱు ముందుగా ఎదుగుదురు, కొందఱు ఆలస్యముగా ఎదుగుదురు. పండ్రెండవ యేట గెలిచినది కొన్నిమారులు నేర్పు కాదు, పొడవైన చేయి. ఇది యెఱుగక, వెనుకబడిన బిడ్డతో “నీకు రాదు” అనుట అన్యాయము. ఆ బిడ్డ నేటి ఈతను నిన్నటి తన ఈతతోనే పోల్చవలెను. వారమున కొక్కనాడైనను గడియారము లేక నీటిలో ఆడనీయవలెను.

ఆరతీ సాహా 1952లో హెల్సింకి ఒలింపిక్సులో ఈదినప్పుడు ఆమెకు పండ్రెండేండ్లు నిండలేదు. పతకము రాలేదు. ఆనాడే ఆమెచేత ఈత మాన్పించియుండినచో? 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానలు దాటబోయి ఆమె విఫలురాలయ్యెను. సెప్టెంబరు 29న మరల దిగి, దానిని దాటిన తొలి ఆసియా మహిళయయ్యెను.

తెలుగు మహిళ గోలి శ్యామల నలుబదేండ్లు దాటిన పిమ్మట ఈత నేర్చెను. 2021లో ఆమె పాక్ జలసంధిని ఈదెను.