కొత్తది వచ్చేదాకా పాత పని ఆగాలా?



మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తెలుగు మాకు ఇంటి మాటేగాని బడి చదువు కాదు. అక్షరాలు యాభై దాటినాక, మన సంఘం సాయంకాలం క్లాసులో దిద్దుకున్నాము. ఒత్తులు, దీర్ఘాలు తప్పి ఉంటే సర్దుకొని చదవండి. ఈసారి రాసేది కొంచెం పొడుగు, కాఫీ పెట్టుకొని కూర్చోండి.

పోయిన నెల కమిటీ మీటింగులో ఒక పెద్దాయన గట్టిగానే అడిగినారు. "ముసలివాళ్ళ మాటలు, పాటలు ఊరూరా తిరిగి రికార్డు చేసి ఇన్నేండ్లాయె. ఆ వీడియో మాకెప్పుడు చూపిస్తారు? మేమూ పోయినాకనా?" అని. అందరూ మా వైపు తిరిగినారు. ఎడిటింగ్ చేస్తానని ఒప్పుకున్నది మా చిన్నక్క కొడుకు గదా. వాడు వడపళని దగ్గర ఒక చిన్న స్టూడియోలో ఎడిటరు. పెళ్ళి వీడియోలు, విళంబరాలు, ఒకటి రెండు సీరియళ్ళు చేస్తాడు. మన పని కూలి లేకుండా చేస్తానన్నాడు. ఆ మాట మరచిపోకూడదు.

మీటింగులో మేమేమీ బదులు చెప్పలేదు. ఆ రాత్రే వాళ్ళింటికి పోయినాము.

"మామా, ఇంకో నాలుగు నెలలు ఓపిక పట్టండి. నేను వాడే ప్రోగ్రాంకు పెద్ద మార్పు వస్తా ఉంది. ఇప్పుడుండేది పొడుగు రికార్డింగ్ పెడితే మధ్యలో నిలిచిపోతుంది. కొత్తది వస్తే మీ పని వారంలో ముగిస్తా" అన్నాడు.

"పోయిన దీపావళికీ ఇదే చెప్పినావు గదరా" అంటే నవ్వినాడు. ఆ నవ్వు చూసి కోపం రాలేదు. మేమూ ఒక కాలంలో అట్లా నవ్వినవాళ్ళమే. అది తరువాత చెప్తాము.

ఈ ఎదురుచూపు వీడొక్కడిది కాదు. ఎడిటర్ల లోకంలో ఇదొక పెద్ద కథ. వాడు చెప్పగా విని, తరువాత కొంత చదివి తెలుసుకున్నాము. 1999లో ఆపిల్ కంపెనీ ఫైనల్ కట్ ప్రో అనే ప్రోగ్రాం తెచ్చింది. అంతవరకు సినిమా ఎడిటింగ్ కంప్యూటర్లంటే ఇల్లు కట్టేంత ఖర్చు. ఇది వేయి డాలర్లకు వచ్చింది. 2003లో కోల్డ్ మౌంటెన్ అనే పెద్ద సినిమాను వాల్టర్ మర్చ్ అనే పేరుపొందిన ఎడిటర్ దీంతోనే కోసినాడు. 2010లో వచ్చిన ద సోషల్ నెట్‌వర్క్‌ను కూడా దీంతోనే చేసినారు, దానికి ఎడిటింగ్ ఆస్కారు వచ్చింది. ఇంట్లో కూర్చొని పని చేసే చిన్న ఎడిటరూ అదే వాడినాడు.

2009లో 7వ వెర్షన్ వచ్చింది. లోపల ఇంజను మాత్రం పాతదే. కంప్యూటర్లో ఎంత మెమరీ పెట్టినా 4 జీబీకి మించి అది తీసుకోలేదు. ఒక చిన్న మార్పు చేస్తే అది తయారయ్యేదాకా ఎడిటరు చేతులు కట్టుకొని కూర్చోవాలి. అందుకే అందరూ రాబోయేదాని కోసం ఎదురుచూసినారు. 2011 ఏప్రిల్ 12న లాస్ వేగాస్‌లో ఎడిటర్ల సభలో ఆపిల్‌వాళ్ళు కొత్తదాన్ని చూపించినారు. ధర 299 డాలర్లు. మెమరీ ఎంతైనా తీసుకుంటుంది, తయారీ పని వెనకాల తానే చేసుకుంటుంది. సభలో ఈలలు, చప్పట్లు.

జూన్ 21న అది అమ్మకానికి వచ్చింది. కొన్నవాళ్ళు తెరిచి చూస్తే, పాత 7వ వెర్షన్లో చేసుకున్న పని ఏదీ అందులో తెరుచుకోలేదు! నాలుగు కెమెరాలతో తీసిన దృశ్యాన్ని కలిపి చూసే వసతి లేదు. టేపు మీదికి ఎక్కించి టీవీ కంపెనీకి ఇచ్చే దారి లేదు. సౌండు పని చేసేవాళ్ళకు, రంగులు దిద్దేవాళ్ళకు పంపడానికి కావలసిన జాబితా బయటికి రాదు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఏమంటే, కొత్తది వచ్చిన రోజే పాతదాని అమ్మకం ఆపేసినారు. అమెరికాలో కోనన్ ఓబ్రయన్ టీవీ షో ఎడిటర్లు దీన్ని ఎగతాళి చేస్తూ ఒక వీడియోనే చేసి చూపించినారు.

ఇక్కడ ఒక విషయం విప్పి చెప్పాలి. ఎడిటింగ్ ప్రోగ్రాం అంటే వీడియోను కత్తెరతో కోసి అతికించే యంత్రం అని మేము అనుకుంటూ ఉండినాము. కోడంబాక్కంలో పాత రోజుల్లో ఫిల్ము అట్లే కోసేవాళ్ళు గదా. కాదట. తీసిన వీడియో ఒక పక్క ముట్టకుండా అట్లే ఉంటుందట. ప్రోగ్రాం రాసుకునేది ఒక జాబితా మాత్రమే. ఏ టేపు, ఎన్నో సెకండు నుంచి ఎన్నో సెకండు వరకు, దాని తరువాత ఏది, ఏ పాట కింద ఏ బొమ్మ.

మాకు వెంటనే రిజర్వేషన్ చార్టు గుర్తుకొచ్చింది. బండి ఉంది, పెట్టెలు ఉన్నాయి, ప్రయాణికులు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. చార్టు ఒక్కటి చదవరాలేదంటే ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియదు. ఆ 2011 జూన్‌లో జరిగింది అదే. వీడియోలన్నీ భద్రం, చార్టు మాత్రం కొత్త యంత్రానికి తెలియని భాషలో ఉంది.

కంపెనీ పక్కన కూడా న్యాయం లేకపోలేదు. కొత్తది లోపలి కట్టడమే వేరు, అందుకే పాత జాబితా దానికి సరిపోలేదు. పాతదాన్ని మోసుకుంటూ పోతే కొత్తది ఎప్పటికీ పుట్టదు అనే వాదం ఉంది. 2011 సెప్టెంబరులో జాబితా బయటికి పంపే దారి ఇచ్చినారు, 2012 జనవరిలో ఎక్కువ కెమెరాల వసతి తెచ్చినారు. 2015లో ఫోకస్ అనే హాలీవుడ్ సినిమా దాంతో చేసినారు. ఒకసారి 299 డాలర్లు ఇచ్చినవాళ్ళకు తరువాతి మార్పులు ఏండ్ల తరబడి ఊరికే వచ్చినవి. కోపంతో అడోబీ వైపు పోయినవాళ్ళేమో 2013 నుంచి నెలనెలా కట్టే పద్ధతిలో ఇరుక్కున్నారు. పెనం మీది నుంచి పొయ్యిలో పడడం అంటే ఇదే. ఇవన్నీ ఒప్పుకుంటాము. కాని పాతది అమ్మడం ఆ రోజే ఆపవలసిన పని ఏముంది? దానికి మాత్రం ఏ సాకూ మాకు కనబడలేదు.

మేము రైల్వే మనుషులం, మాకు తెలిసిన ఉదాహరణ చెప్తాము. చెన్నై బీచ్ నుంచి తాంబరం దాకా మీటర్ గేజ్ కరెంటు బండ్లు 1931 నుంచి నడిచినవి. బ్రాడ్ గేజ్ వచ్చినప్పుడు పక్కన కొత్త పట్టాలు వేసి, కొన్నేండ్లు రెండు రకాల బండ్లూ నడిపినారు. చివరి మీటర్ గేజ్ బండి 2004లో ఆగింది. అప్పటికి ఆఫీసుకు పోయేవాడు ఎవడూ నడుమ దారిలో దిగి నిలబడవలసిన గతి పట్టలేదు. పెద్ద మార్పు అంటే అట్లా జరగాలి. పాత పట్టాలు పీకేది ఆఖరి పని.

ఇప్పుడు మా నవ్వు సంగతి. మేము ఉద్యోగంలో చేరినప్పుడు రిజర్వేషన్ అంతా పెద్ద పెద్ద రిజిస్టర్లలో. బండికొకటి, తేదీకొకటి. వేరే ఊరి నుంచి తిరుగు టికెట్ కావాలంటే తంతి పంపి, బదులు వచ్చేదాకా కాచుకోవాలి. ఢిల్లీలో 1985లో కంప్యూటర్ మొదలైంది, మనకూ వస్తుంది అన్నారు. ఆ వార్త వచ్చిన రోజు నుంచి మా గదిలో ఒక జబ్బు పట్టింది. రిజిస్టరు అట్ట ఊడిపోతే కుట్టించేవాడు లేడు. "ఎట్లాగూ కంప్యూటర్ వస్తా ఉంది గదా" అని నవ్వుకున్నాము. ఒకరోజు చినిగిన పుట తీసి, తొందరలో వేరే తాళులో ఎత్తి రాసినాము. ఒకే బెర్తు రెండు కుటుంబాలకు పడింది. ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద చంటిబిడ్డ తల్లి ఒకామె మమ్మల్ని అడిగిన మాటలు ఇక్కడ రాయము. తప్పు కంప్యూటరుది కాదు, అది ఇంకా రాలేదు గూడా. తప్పు ఎదురుచూసిన మాది.

తరువాత కంప్యూటర్ వచ్చింది, బాగానే వచ్చింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ అయిదింటినీ కలిపేసినారు. తంతి పని పోయింది. ఎవరూ రిజిస్టర్ల కోసం ఏడవలేదు, మేమైతే అసలే ఏడవలేదు. కొత్తది వద్దనేవాళ్ళం మేము కాదు.

మా అక్క కొడుకు లాంటివాళ్ళకు కొత్త ప్రోగ్రాం కోరే హక్కు ఉంది. దినానికి పది గంటలు అదే తెర ముందర కూర్చునేవాడికి, నిలిచిపోయే ప్రోగ్రాం అంటే నిలిచిపోయే కూలి. కంపెనీలు ఏడాదికొకసారి తళుకు బెళుకు చూపించి, "త్వరలో" అని ఊరించడం మంచి పద్ధతి కాదు. ఏం వస్తుంది, ఏం పోతుంది, పాత పని తెరుచుకుంటుందా లేదా అని ముందుగా చెప్పాలి. ఇంతవరకు మేము ఎడిటర్ల పక్షమే.

ఆ తరువాతి అడుగులో మాత్రం వాళ్ళతో కలవము. కొరియా సినిమా పారసైట్ సంగతి చూడండి. 2019లో వచ్చింది, 2020లో ఆస్కారు ఉత్తమ చిత్రం. దాన్ని కోసింది ఏ ప్రోగ్రాంలో అనుకున్నారు? అమ్మకం ఆగిపోయి ఎనిమిదేండ్లయిన ఆ ఫైనల్ కట్ ప్రో 7లోనే! ఈ సంగతి చెప్తే మా వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆయన పాత కంప్యూటర్ పెట్టుకున్నాడు మామా" అన్నాడు. నీ దగ్గర ఉండేది దానికంటే కొత్తదే గదరా అన్నాము.

మన టేపుల సంగతి మీకు తెలుసు. కోవిల్‌పట్టి, సాత్తూరు పక్క ఊళ్ళలో, హోసూరు వైపు, తిరువళ్ళూరు వైపు తీసినవి. పూర్వీకులు ఎందుకు వచ్చినారో, ఏ ఏరు దాటినారో చెప్పే కథలు, నాటు పాటలు, తాలాట్లు. కి. రాజనారాయణన్ గారు తమిళంలో గోపల్ల గ్రామం రాసినారు గాబట్టి ఆ కథ లోకానికి తెలిసింది. మన టేపుల్లో ఉన్నవాళ్ళు రాసినవాళ్ళు కారు, నోటితో చెప్పినవాళ్ళు. అందులో సగంమందికి పైగా ఇప్పుడు లేరు. ఆడి మాసంలో పోయిన అవ్వ, ప్రతి పండుగకూ "నా పాట టీవీలో ఎప్పుడొస్తుంది అబ్బయ్యా" అని అడిగేది. రెండేండ్లు మేము ఆమెకు చెప్పిన బదులు "కొత్త ప్రోగ్రాం వస్తుంది అవ్వా" అని. ఆమెకు ప్రోగ్రాం అంటే ఏమి తెలుసు? టీవీ ప్రోగ్రాం అనుకొని సంతోషపడింది.

ఇది వాడిమీద నేరం మోపడానికి రాయడం లేదు. వాడిని అడగకుండా మేమూ ఊరకే ఉన్నాము. సంఘం మొత్తం ఊరకే ఉంది.

అందుకని మొన్న మేము, వాడు కూర్చొని ఒక పద్ధతి వేసుకున్నాము. వాడు టేపుల్లో ఉన్నదంతా ఏ కంప్యూటరైనా తెరిచే మామూలు వీడియో ఫైళ్ళుగా మార్చి రెండు డిస్కుల్లో పెడతాడు. ఒకటి సంఘం బీరువాలో, ఒకటి వేరే ఊరిలో ఉండే సభ్యుల ఇంట్లో. ఇక చార్టు మనం చేతితో రాయాలి. ఏ టేపులో, ఎన్నో నిమిషంలో, ఎవరు, ఏ పాట, ఏ ఊరి మాట అని, నోటుబుక్కులో. ఏ కంపెనీ ఏ వెర్షన్ మార్చినా నోటుబుక్కు తెరుచుకుంటుంది. ఆ జాబితా ముందర ఉంటే, ఇప్పుడున్న ప్రోగ్రాంలోనే వారానికి ఒక పాట చొప్పున కోసి ఇస్తానని వాడు ఒప్పుకున్నాడు. కొత్తది వచ్చినప్పుడు రానీ, అప్పుడు దానికి మారుతాడు.

రాయడానికి మనుషులు కావాలి. తెలుగు రాయరాకపోతే తమిళ అక్షరాల్లోనే రాయండి, మేము ఎత్తి రాస్తాము. ఆ ముసలివాళ్ళ యాస అర్థమయ్యే చెవి ఉంటే చాలు. అరవై దాటినవాళ్ళు వస్తే ఇంకా మంచిది, కొన్ని మాటలు మా వాడి ఈడువాళ్ళకు తెలియడం లేదు. "గాదె" అంటే ఏమి మామా అని అడిగినాడు మొన్న.

మొదటి మూడు టేపులు మేము మొదలుపెట్టినాము. మూడో టేపు 14వ నిమిషంలో ఆ అవ్వ పాట నడుమ దగ్గుతుంది, నీళ్ళు అడుగుతుంది, కోడలిని ఏదో తిడుతుంది, మళ్ళీ అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. ఇది తీసెయ్యొద్దు అని పక్కన రాసినాము.

వచ్చే శనివారం సాయంకాలం 4 గంటలకు సంఘం గదికి రండి. చెవిలో పెట్టుకొని వినేది ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి. నోటుబుక్కులు, పెన్నులు మేము తెస్తాము.