కొత్తవారి శిక్షణలో కోత తగదు

కళాశాలలో కొత్తగా చేరిన అధ్యాపకునికి తొలి శిక్షణ అవసరమని ప్రభుత్వం ఏనాడో అంగీకరించినది. 1986 నాటి జాతీయ విద్యా విధానాన్ననుసరించి 1987 నుండి విశ్వవిద్యాలయాలలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలసినవి. అక్కడ సుమారు నెల రోజులు బోధన పద్ధతులు నేర్పుతారు. ఆ కాలం డ్యూటీగా లెక్కకు వస్తుంది, పదోన్నతికి పనికివస్తుంది. ఇది హర్షించదగినదే. మరి గ్యాంగులో చేరిన కుర్రవాని మాటేమిటి?

ఎదురుగా బండి వచ్చినప్పుడు పక్క లైనుపైకి తొలగరాదన్న సంగతి అతనికి మొదటి రోజే తెలియవలె. రెండవ రోజు తెలిసి ప్రయోజనం లేదు. ఖాళీలు నిండని చోట కొత్తవానిని శిక్షణకు పంపకముందే పనిలో దించుతున్నారన్న ఫిర్యాదు మన శాఖలకు కొత్త కాదు. అతనికి బోధించే భారం మేట్‌పై పడుతున్నది. మేట్‌కు తన పనే తలకు మించినది.

2024 జూన్ 17న రంగాపాని వద్ద గూడ్సు బండి కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనుక నుండి ఢీకొన్నది. విచారణ మొదలు కాకముందే మరణించిన గూడ్సు డ్రైవరుపై నింద మోపబడినది. అనంతరం రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినదేమి? ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడినప్పుడు ఎట్లా నడపవలెనో డ్రైవర్లకు, స్టేషను మాస్టర్లకు తగినంతగా బోధించలేదని. ఆ ఉదయం అదే లైనులో ఒక్కొక్కరు ఒక్కొక్క వేగంతో బండ్లు నడిపినారు. చనిపోయినవాడు సమాధానం చెప్పలేడు కనుక తప్పు అతనిది కావడం సులభం!

ఉద్యోగి తన విధికి సంబంధించిన నియమాలు ఎరిగి ఉండవలెనని 1976 జనరల్ రూల్సు నిర్దేశిస్తున్నవి. నేర్పనివాని బాధ్యత మాత్రం ఛార్జిషీటులో ఎక్కడా కనిపించదు.

గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయానికి తెలుగువారు కొత్తవారు కారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలెన్నో ఉన్నవి. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వేకు మారేవరకు వాల్తేరు డివిజను ఉత్తరువులు ఇక్కడినుండే వెడలేవి. అయినను, ఎంపిక పరీక్ష తెలుగులో వ్రాసి నెగ్గిన యువకుడు శిక్షణ పాఠం హిందీలోనో ఇంగ్లీషులోనో వినవలసివస్తున్నది. పరీక్షకు పనికివచ్చిన భాష ప్రాణరక్షణకు పనికిరాదా?

తపాలా శాఖలోను ఇదే తీరు. గ్రామీణ డాక్ సేవక్‌గా చేరి బ్రాంచి ఆఫీసు తెరచినవానికి పొదుపు ఖాతాలు, గ్రామీణ బీమా, పేమెంట్స్ బ్యాంకు లావాదేవీలు, చేతి యంత్రం అన్నీ ఒక్కసారే అప్పగిస్తారు. లెక్కలో తేడా వచ్చినచో రికవరీ ఉత్తరువు మాత్రం ఆలస్యం కాదు.

కావున మన కోర్కె స్పష్టము. శిక్షణ పూర్తికాని ఉద్యోగికి ఒంటరి డ్యూటీ వేయరాదు. శిక్షణ దినాలను పూర్తి వేతనంతో డ్యూటీగా పరిగణించవలె. భద్రతా నియమాలు తెలుగులో అచ్చువేసి చేతికివ్వవలె. నేర్పని నియమంపై శిక్ష విధించరాదు. రైల్వే శాఖలు రాబోయే పి.ఎన్.ఎం. అజెండాలోను, తపాలా శాఖలు ద్వైమాసిక సమావేశాలలోను ఈ అంశాన్ని చేర్చవలెను. శిక్షణ లేకుండా డ్యూటీకి పంపబడినవారి పేర్లు, తేదీలు ఇప్పటినుండే శాఖా కార్యదర్శుల వద్ద నమోదు కావలె.