మన బూత్ లెక్క ఎవరి దగ్గరుంది?



2019లో విజయవాడ సెంట్రల్‌లో ఎమ్మెల్యే గెలిచింది 25 ఓట్లతో. ఇరవై అయిదు! మన పేటలో ఒక్క సందులో అంతకంటే ఎక్కువ ఓట్లున్నాయి.

2011 జనాభా లెక్కల్లో పాత కృష్ణా జిల్లాలో నూటికి 19 మంది ఎస్సీలు. క్రైస్తవులమని రాయించుకున్న మనవాళ్ళు ఇందులో లేరు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళని బయట పెట్టింది. అందర్నీ కలుపుకుంటే డెల్టాలో మనల్ని కాదని ఏ పార్టీ గెలవగలదు?

ఈ సంగతి మనకన్నా ముందు పార్టీలకే తెలిసింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తుటి తరవాతే కదా, పెద్దరైతు చెప్పిన గుర్తు మీద గుద్దే పాలేరు తలెత్తి తన ఓటు తాను వేసుకోవడం మొదలెట్టింది! ఇవాళ 2019లో మేకతోటి సుచరిత, 2022లో తానేటి వనిత, 2024లో వంగలపూడి అనిత, వరసగా ముగ్గురు దళిత స్త్రీలకి హోంశాఖ ఇచ్చారంటే అది ఎవరి దయా కాదు, మన ఓటు బరువు. స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహం లేచింది. నాలుగు నెలలు తిరక్కుండా, మే 13న జరిగిన ఎన్నికల్లో, ఆ ప్రభుత్వమే ఓడిపోయింది. విగ్రహం పెడితే ఓటు పడుతుందనే రోజులు పోయాయి.

అయితే రిజర్వుడు సీట్లు చూసి మన బలం అంచనా వేసుకోవద్దు. రాష్ట్రంలో ఎస్సీ సీట్లు 29. 2019లో 27 వైయస్సార్ కాంగ్రెస్‌కి పోయాయి. 2024లో 27 తెలుగుదేశం కూటమికి పోయాయి. అంకె మారలేదు, జెండా మారింది. పామర్రు గానీ తిరువూరు గానీ నందిగామ గానీ, నిలబడేది మనవాడే. టిక్కెట్టిచ్చేది వేరేవాడు, గెలిపించేది ఊరంతా. 1932 పూనా ఒడంబడికలో ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకున్నందుకు ఇంకా కడుతున్న వడ్డీ ఇది. ఆ ఎమ్మెల్యే మనకోసం గట్టిగా నోరు తెరిస్తే మళ్ళీ టిక్కెట్టు రాదు, పాపం. మన అసలు బలం జనరల్ సీట్లలో ఉంది. అక్కడ ఇద్దరు పెద్దకులాల వాళ్ళు కొట్టుకుంటుంటే తక్కెడ ఎటు మొగ్గాలో తేల్చేది మన పేటలే.

మాలో చాలామంది ఎన్నికల డ్యూటీ చేసిన పంతుళ్ళం. ఒక సంగతి చెబుతాం. నువ్వెవరికి వేశావో ఎవడికీ తెలియదు, నిజమే. కానీ ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో ఉంటుంది. పేటకో బూత్ ఉంటే పేట ఎటేసిందో తెలిసిపోయినట్టే. ఆ కాగితం పార్టీ ఆఫీసుల్లో ఉంది, మన కమ్యూనిటీ హాల్లో లేదు. ఏ సందుకి నోట్లు, ఏ సందుకి సీసాలు అన్నది ఆ కాగితం చూసే తేలుస్తారు. రెండు వేలు పుచ్చుకున్నా, అయిదేళ్ళకి పంచితే రోజుకి రూపాయి పైచిల్లర. అంతకి అమ్ముడుపోయినోడు మళ్ళీ ఏమని అడుగుతాడు?

అడగాల్సినవి లేకనా! డెల్టాలో మనలో ఎక్కువమందికి భూమి లేదు, కౌలుంది. 2011 చట్టంలో కౌలు కార్డుకి భూమిగలాయన సంతకం అక్కర్లేదు. 2019 చట్టం కావాలంది. సంతకం పెడితే పొలం పోతుందని ఆయన భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు, పంట మునిగితే పరిహారం ఆయన ఖాతాలో పడుతుంది. మునిగింది మాత్రం మనం. ఇక శ్మశానం దారి. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చాక మాల మాదిగల మధ్య మాటలు పెరిగాయి. వాదించుకుందాం, తప్పులేదు. కానీ శవాన్ని మోసుకుంటూ మోకాలి లోతు బురదలో పోయేటప్పుడు ఎవరిది ఏ గ్రూపు?

పంచాయతీ ఎన్నికలు ఎప్పుడొచ్చినా సరే, అంతకుముందే చదువుకున్న పిల్లల్ని పెట్టి 2019, 2024 ఫారం 20లు తీయించండి. మీ బూత్ అంకెలు పెద్దక్షరాలతో రాసి అంబేద్కర్ బొమ్మ కింద గోడకి అంటించండి. ఓటడగడానికొచ్చినాయన్ని మొదట ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళండి. తరవాత కూర్చోబెట్టి కౌలు కార్డు గురించి, శ్మశానం దారి గురించి అడగండి. ఇచ్చిన మాట కాగితం మీద రాయించుకోండి. అక్కలూ, మగాళ్ళు సీసాకి మెత్తబడతారేమో, ఆ రోజు ముందు వరసలో మీరే కూర్చోండి.